అవి నిట్టూర్పులు కావు

బాబాయ్,

మా ఇంట్లో ఎవరైనా గట్టిగా ఊపిరి వదిలితే చాలు, దాని వెనక ఏదో కష్టం ఉండి తీరాలి. పొద్దున్నే కుర్చీలో కళ్ళు మూసుకుని నేను నిదానంగా గాలి పీల్చి వదులుతుంటే, ఉద్యోగంలో నరకం పడుతున్నానని అమ్మ తేల్చేసింది. నానమ్మయితే, "మీ తాత పోయినప్పుడు కూడా నేనింత పొడుగు నిట్టూర్పు విడవలేదే తల్లీ!" అంది. నాన్న మీకు ఫోన్ చేశారు. మీరేమో మీ ఆఫీసులో నాకు ఉద్యోగం ఖాయం చేసేశారు. మధ్యలో నన్నడిగినవాళ్ళు లేరు.

అసలు సంగతి మెడనొప్పి. కట్టుడుపళ్ళు చేసే మా ల్యాబులో రోజంతా తల వంచుకునే పని. మెడ, వెన్ను కీళ్ళని చేత్తో సర్దే కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ మెడ సర్ది పంపిస్తే, నేను పంటి అంచు చెక్కుతూ ఊపిరి బిగబట్టి, భుజాలు చెవులదాకా ఎత్తేసేదాన్ని. నొప్పి మళ్ళీ మొదటికొచ్చేది. "నేను వదులు చేసింది నువ్వు బిగించేస్తున్నావమ్మా. ముందు ఊపిరి వదలడం నేర్చుకో" అని ఆవిడే ఈ వ్యాయామం నేర్పారు.

ఆవిడ సర్దడం, ఈ వ్యాయామం రెండూ కలిసి పనిచేస్తున్నాయి. నిన్న ల్యాబులో వెనకనుంచి ఎవరో పిలిస్తే, మనిషినంతా తిప్పకుండా మెడ ఒక్కటే తిప్పి చూశాను. చేతిలోని పన్ను కూడా పక్క పన్నుకి తోబుట్టువులా కుదిరింది. ఆ పూటంతా నాలో నేనే నవ్వుకున్నాను.

ఇప్పుడు నానమ్మ కూడా నా పక్కన కూర్చుని నాకంటే పొడుగ్గా ఊపిరి వదులుతోంది. నాన్న ఫోన్ చేస్తే ఆవిడకీ ఉద్యోగం చూసేయకండి.

మీ ఆఫీసులో నేను చేరను.