ఐదో పెనాల్టీ

ఆదివారం, రాత్రి

జాతీయ నాకౌట్ ఫుట్‌బాల్ కప్పులో మా పాతబస్తీ క్లబ్బు ప్రస్థానం ఈ సాయంత్రం ముగిసింది. కారకుడు బీకాం పట్టభద్రుడనైన నేనే.

ఆట సమమై పెనాల్టీలకు వెళ్లింది. "ఐదోది ఎవరు కొడతర్రా?" అని కెప్టెన్ సలీం భాయ్ అడిగితే అందరూ బూట్లకేసి చూశారు. జన్మలో పెనాల్టీ కొట్టని నేను నవ్విద్దామని చెయ్యెత్తాను. ఎవరూ నవ్వలేదు. "శాబాష్!" అని బంతి నా చేతికిచ్చాడు. దాన్ని గోల్‌పోస్టు మీదుగా గ్యాలరీకి సమర్పించాను.

క్వార్టర్ ఫైనల్ ఆడిన సర్టిఫికెట్ ఉంటేనే భాయ్‌కి స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇవాళ గెలిస్తే క్వార్టర్ ఫైనలే. అది నాకు తెలుసు. తెలిసే చెయ్యెత్తాను.

అయినా ఆట అయ్యాక భాయ్ నన్ను తన బండి మీదే ఎక్కించుకున్నాడు. ఒక్క తిట్టూ తిట్టలేదు.

"భాయ్, నాలుగు తన్నరాదు?"

దబీర్‌పురా దాటాక బండి నెమ్మది చేశాడు. "అమ్మీ గెలుస్తమని సేమియా చేసి కూసున్నది. నువ్వొస్తే నవ్వుతది. జెర నవ్వినంక నేను చెప్త."

గుమ్మంలోనే "గెలిచిన్రా బేటా?" అంది అమ్మీ. జవాబుగా మా కోచ్ నడకను అనుకరించాను. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఇక చెప్పనా అన్నట్టు భాయ్ నా వైపు చూశాడు.

నేను ఇంకో జోకు ఎత్తుకున్నాను.