మీ కుంటినడక

ఏమండీ,

ఫిల్మ్‌నగర్‌లో మీరు లెక్కలు చెప్పిన స్కూల్లో మొన్న పదో తరగతి ఫేర్‌వెల్ జరిగింది. వెళ్లిపోయే పిల్లలు సార్లను, టీచర్లను అనుకరించి నవ్వించే ఆనవాయితీ ఇంకా ఉంది. మీరు పోయి పదేళ్లయినా లెక్కల సారు వేషం మీదే. ఈసారి అది మన మనవరాలు సింధుకు వచ్చింది.

ఇంట్లో అది కుంటుతూ సాధన చేస్తుంటే నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు నిటారుగా నడిచిన మనిషి కుంటింది ఆఖరి ఏడాదే కదా.

"సీనియర్లు గిట్లనే నేర్పిండ్రు, అమ్మమ్మా. సీదా నడిస్తే తాతను ఎవ్వరూ గుర్తుపట్టరు."

"నేను గుర్తుపడతాను. సీదాగానే నడువు."

పాపం, స్టేజీ మీద అలాగే నడిచింది. ఎవరి నాన్నో సినిమాల్లో మేకప్ మనిషట, ఆయనిచ్చిన విగ్గులో మీకు పెళ్లినాడు కూడా లేనంత జుట్టు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. నా వెనక పిల్ల పక్కపిల్లను, "ఈ సారెవరే?" అని అడిగింది.

సింధు స్టేజీ మధ్యలో ఆగి నావైపు చూసింది. నేను కూర్చున్నచోటే కుడికాలు నేలమీద కాస్త ఈడ్చి చూపించాను.

మిమ్మల్నెన్నడూ చూడని పిల్లలంతా ఒక్కసారిగా మిమ్మల్ని గుర్తుపట్టారు.