నలభై ఐదు మూరల నూలు

తాండూరు,
18-11-1961, శనివారం

కొండమీది అనంతస్వామి తర్వాత నేను చేతులు జోడించే మీకు,

సుమిత్ర నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. మన బిడ్డ అనంతలక్ష్మి పోయి పదకొండు నెలలు. ఇన్ని నెలల్లో మీరే నాలుగుసార్లు తాండూరు వచ్చారు గానీ నేను వికారాబాదు రాలేదు. బడి పని తెమలలేదని వ్రాస్తూ వచ్చాను. అది నిజం కాదు. నిజం వ్రాయడానికే కూర్చున్నాను. కానీ ముందు బడిలో జరిగింది చెప్పాలి. లేకపోతే ఇవాళే ఎందుకు వ్రాస్తున్నానో మీకు తెలియదు.

ఏడో తరగతికి భూమి వయసు పాఠం వచ్చింది. నాలుగువందల యాభై కోట్ల ఏండ్లు. నిరుటి పిల్లల చేత వల్లె వేయించి ఊరుకున్నాను. ఈసారి ఎందుకో చూపించాలనిపించింది. మా తరగతిలో సగంమంది రాతిగనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు. బండ మీద కోతకు గీత వేయడానికి ఎర్రమట్టి నీళ్లలో ముంచే నూలు ఉంటుంది కదా, అది తెమ్మన్నాను. మూరకు పది కోట్ల ఏండ్లు అనుకొని నలభై ఐదు మూరలు కొలిచాం. గేటు నుంచి బావి దాకా పిల్లలు దాన్ని పట్టుకొని నిలబడ్డారు. గేటు దగ్గర భూమి పుట్టింది. బావి దగ్గర ఇవాళ.

“టీచరమ్మా, మనుషులు ఏడున్నరు?” అని ఎంకయ్య అడిగాడు.

బావి వైపు కొసన బియ్యపు గింజంత చోటు చూపించాను.

“మరి రాముడు?”

“రాముడు గా గింజలనే ఇరుక్కున్నడు. జర జరుగు, నువ్వు తొక్కుతున్నవ్,” అన్నది భాగమ్మ. రాళ్లు చీల్చే చెన్నయ్య బిడ్డ. అందరూ నవ్వారు.

అనంతవ్రతం నాడు మీరు సంకల్పం చెప్పుకోవడం గుర్తొచ్చింది. శ్వేతవరాహ కల్పమని, వైవస్వత మన్వంతరమని, కలియుగమని మొదలుపెట్టి మెల్లగా మన గోత్రానికీ, మన పేర్లకూ, చివరికి బిడ్డ పేరుకూ దిగేవారు. అంత పైనుంచి దిగివచ్చినా చివర ఒక పేరు ఉండేది. నా నూలు చివర ఏమీ లేదు. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ప్రాణం తేలికపడ్డట్టయింది. పద్నాలుగేండ్ల బిడ్డకే చోటు లేని నూలు మీద నేను దాచిన ఆరు గంటలకు చోటెక్కడిది అనుకున్నాను. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

మర్నాడు భాగమ్మ ఒక బండ ముక్క చంకన పెట్టుకొని వచ్చింది.

“మా నాయన పారేసిండు టీచరమ్మా. సాఫ్‌గ లేదని షావుకారి తీసుకోడంట. గాలికి నీళ్లు ఊగినట్టు లేదా, జర చూడుండ్రి.”

ముక్క మీద సన్నని అలలు. చెరువు ఒడ్డున బురదలో గాలి పెట్టే గీతల్లాంటివి. చేత్తో తడిమితే వేళ్లకు తగులుతున్నాయి. ఈ రాయి పుట్టినప్పుడు ఇక్కడ నీళ్లుండేవని పాఠంలో నేనే చెప్పాను. నూలు మీద బావి నుంచి ఆరేడు మూరల దగ్గర చూపించాను కూడా. ఇవి పడడానికి ఎంతసేపు పట్టి ఉంటుందని అడిగాను.

“ఎంతసేపేంది? ఒక్కపూట గాలి కొట్టి ఉంటది.”

“ఒక్కపూటకు నూలు మీద జాగా ఏడిది?” అన్నాడు ఎంకయ్య.

“నూలు మీద లేకుంటేంది, రాయి మీద ఉన్నది గద. కండ్లు లేవా నీకు?”

పాఠం ముగించాను. గంట కొట్టలేదు, అయినా ముగించాను.

ఇక నా సంగతి. బిడ్డ పోయిన రోజు మీరు మీ స్టేషను నుంచి తంతిలో పంపిన కబురును ఇక్కడి స్టేషనులో చీటీ మీద వ్రాస్తే, పోర్టరు యాదగిరి దాన్ని తెచ్చాడు. అది నాకు మధ్యాహ్నం మూడింటికి అందిందని మీతో చెప్పాను. తొమ్మిదింటికే అందింది. “బిడ్డకు బాగలేదంటమ్మా, పది గంటల బండికే రమ్మన్నరు సారు,” అని నోటితో కూడా చెప్పాడు. ఆ రోజు ఇన్‌స్పెక్షను. బిడ్డకు అంతకుముందు రెండుసార్లు అలాగే అయి తేరుకుంది. ఇన్‌స్పెక్టరు వెళ్లాక పోదామనుకున్నాను. నాలుగింటి బండి ఎక్కాను. బిడ్డ పన్నెండున్నరకే పోయింది. ఆ వేళకు నేను బల్ల మీద చాక్‌పీసులు సర్దుతున్నాను. నా పాఠం బాగుందని ఆయన పుస్తకంలో వ్రాసి వెళ్లారు.

అప్పటినుంచి నేను పది గంటల బండి చప్పుడు వినబడకుండా ఆ వేళకు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఉద్యోగానికి రాజీనామా వ్రాసి పెట్టెలో పెట్టాను. మీరు ఏది చెబితే అది చేస్తాను. నా ముఖం చూడనంటే ఇక్కడే ఉంటాను.

మీ
సుమిత్ర


తాండూరు,
23-11-1961, గురువారం

నా మాట విని కూడా నాకు జవాబు వ్రాసిన మీకు,

నమస్కారాలు. ఎప్పుడూ కార్డే వ్రాసే మీరు ఈసారి కవరు పంపారు. బడి నుంచి వచ్చాక విప్పాను. లోపల ఆ చీటీయే ఉంది. కింద నా సంతకం, పక్కన నా చేత్తోనే 9-10. హాజరు పట్టీలో రోజూ సంతకం పక్కన వేళ వేసే అలవాటు. కబురు అందినట్టు సంతకం చేయించి వెనక్కి పంపడం మీ రైల్వే పద్ధతని ఇరవై ఆరేండ్లుగా తెలిసినదాన్ని, వేళ దగ్గర మీకే అబద్ధం చెప్పాను. మూడో రోజే అది మీ చేతికి వచ్చిందని వ్రాశారు. నాలుగుసార్లు నా ఎదుట కూర్చుని అన్నం తిన్నారు. ఒక్కమాట అనలేదు.

ఎందుకనలేదో కూడా వ్రాశారు. ఆ వరుసలు ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో.

“డాక్టరు ముందురోజు సాయంత్రమే తల్లిని పిలవమన్నడు. తెల్లారితే నీకు ఇన్‌స్పెక్షనని నేనే ఆగిన. పొద్దుగాల పంపిన. నీ చీటీ బయటికి తీస్తే నా సంగతి చెప్పాల్సి వస్తదని దాచిన. రాజీనామా చించెయ్యి.”

చదివి పొయ్యి అంటించాను. బియ్యం కడిగాను. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. మీ మీదా రాలేదు, నా మీదా రాలేదు. మీరూ నేనూ ఒకే ఇన్‌స్పెక్షనుకు భయపడ్డాం. అంతే అనిపించింది. దీపం పెట్టి స్వామి ముందు కూర్చున్నప్పుడు మాత్రం బిడ్డ పేరు ఒకసారి పైకి అన్నాను. పదకొండు నెలల్లో ఇదే మొదలు.

రాజీనామా చించాను. భాగమ్మ తెచ్చిన బండ ముక్క తరగతిలోనే ఉంది. నూలు దాని మీదే చుట్టి పెట్టాం.

చీటీ పోస్టులో వెనక్కి పంపను. చేత్తో తెస్తాను. ఆదివారం పది గంటల బండికి వస్తున్నాను. మీరు ప్లాట్‌ఫారం మీద ఉండండి.

సుమిత్ర
సాయంత్రం 6-35