కాలర్‌గా కత్తిరించిన చీటీ

చిట్టీ,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు. ఈసారి మీ బావ క్షేమం, నేను ఫరవాలేదు.

నా గుండె దడ సంగతి అడిగావు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడే ఈ లూపస్ జబ్బు, కీళ్ళతో సరిపెట్టుకోకుండా గుండె దాకా వచ్చిందట. ఛాతీకి తీగలు అంటించి ఒక రోజంతా చిన్న పెట్టె మోయించారు. కొట్టుకోవడంలో తడబాటు ఉందని మందు మార్చారు. మీ బావ పొద్దున్నే నా మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ లెక్కపెడతాడు. మధ్యలో లెక్క తప్పి, "నువ్వు మాట్లాడుతుంటే ఎట్లా కుదురుతుంది?" అని నామీదే ఎగురుతాడు. కుట్టుపని మాత్రం మానలేదు.

నీకు మూడో నెల అని చదివి సంతోషించాను. ఆ వెంటనే భయం వేసింది. పోయినసారి మెట్లెక్కి దిగినందుకే కడుపులో బిడ్డ గుండె నెమ్మదించి ఆగిపోయిందా అని అడిగావు. కాదమ్మా. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. ఉన్నదంతా నాదే.

నీ పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడే నాకీ జబ్బు బయటపడింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇబ్బందులున్నాయా అని డాక్టరమ్మ అడిగితే, నీ కళ్ళు పొడిబారి మండుతాయని చెప్పాను. "మీ రక్తంలో ఉన్న ఈ రకం యాంటీబాడీలు పైకి ఏ జబ్బూ లేనివాళ్ళకీ ఉండొచ్చు. కడుపులో బిడ్డకు చేరితే గుండె లయ దెబ్బతినొచ్చు. పిల్లల్ని కనేముందే మీ చెల్లెలికి రక్తపరీక్ష చేయించండి" అని చీటీ రాసిచ్చింది. సంబంధం తప్పిపోతుందని దాచాను. కాగితం మందంగా ఉందని కాలర్ నమూనాగా కత్తిరించి, మిగతా నమూనాలతో మేకుకు తగిలించాను. పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను, చెప్పలేదు. నీ బిడ్డ పోయిన రోజు నీ తల నిమురుతూ కూడా నోరు విప్పలేదు. ఆ నమూనాతో ఎన్ని చొక్కాలు కుట్టానో నాకే తెలియదు. ఆ చీటీ ఈ ఉత్తరంతోనే పెట్టాను చూడు, పరీక్ష పేరు ఉన్న వైపు తెగలేదు.

రేపే వెళ్ళు. అక్కకు లూపస్ ఉందనీ, పోయినసారి ఏం జరిగిందో కూడా దాచకుండా చెప్పు. పరీక్షలో ఆ యాంటీబాడీలు ఉన్నాయని తేలితే ముందుగానే మందు ఇస్తారట, నాలుగో నెల నుంచి బిడ్డ గుండెను తరచూ చూస్తారట.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు నన్ను ఓదారుస్తూ కూర్చుంటావు, నీ సంగతి నాకు తెలుసు. ఇప్పుడు నీకంత టైము లేదు. తిట్లన్నీ దాచి ఉంచు, ముందు పరీక్షకు బయలుదేరు.

ఇట్లు,
నీ అక్క