మెట్టు లేని పది అంతస్తుల మేడ

షికాగో నగరంలో కుబెల్కా ముద్రణాలయం యజమానినైన వోయ్‌తెక్ కుబెల్కా అను నేను, అరవై తొమ్మిదో ఏట, మోకాళ్ళు తప్ప తక్కినవన్నీ సక్రమంగా పనిచేస్తుండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. నా మతి సంగతి బావమరిదిని అడగవద్దు.

ఒకటి. ఉక్కు చట్రంతో కట్టిన నా పది అంతస్తుల మేడ సర్వహక్కులతో నా భార్య బోజెనాకు చెందాలి. ఆమె ఇంతవరకు దానిలో కాలు పెట్టలేదు. ఈ ఊరి మట్టి మెత్తన. బరువుకు కుంగుతుందని గుమ్మాన్ని అడుగున్నర ఎత్తున పెట్టారు. ఏడాదిలో వీధికి సమంగా దిగే గుమ్మానికి మెట్టు దండగ అనుకున్నాను. ప్రారంభం నాడు బోజెనా కొత్త గౌనుతో ఎక్కబోయి పెద్దలందరి ముందు బోర్లా పడింది. "మెట్టు కట్టించేదాకా నీ మేడ గడప తొక్కను, పో!" అంది. నేనూ తగ్గలేదు. సందులోంచి, కాగితం బేళ్ళు ఎక్కించే దారిన రమ్మంటే, "నేనేమన్నా కాగితం బేలునా?" అంది.

రెండు. మేడ త్వరగా కుంగాలని అరిగిన సీసపు అచ్చులన్నీ పై అంతస్తులో పేర్పించాను. ఎంతకీ దిగదే! తీరా చూస్తే కంపోజింగు ఫోర్‌మన్, నా బావమరిది మాతెయ్, వాటిని గుట్టుగా కరిగించేస్తున్నాడు. "నెత్తిన అంత బరువు పెడితే కింద పనిచేసేవాళ్ళ గతేంటి బావా?" అన్నాడు, పెద్ద ధర్మరాజులా! అతనికి చెక్క అచ్చులు ఇస్తున్నాను. సీసం ముట్టరాదు.

మూడు. లిఫ్టు నడిపే వాన్యెక్‌కు నేను తొడుక్కునే కోట్లు రెండు. మూడువందల పౌండ్ల బరువున్న మనిషని పనిలో పెట్టుకున్నాను. చిక్కిపోయాడు, అయినా తీసేయలేదు. ఇప్పుడవి అతనికి సరిపోతాయి.

నాలుగు. పదో అంతస్తులో పెద్ద కిటికీ అచ్చులు కూర్చే కంపోజిటర్ల వెలుతురు కోసమని అందరికీ చెప్పాను. అబద్ధం. సరస్సును ఎత్తునుంచి చూడాలని బోజెనా కోరిక. అక్కడి కుర్చీలో ఇరవై రెండేళ్ళుగా ఎవరినీ కూర్చోనివ్వలేదు. రోజూ ప్లమ్ పండ్ల కుడుములు తెచ్చి వీధిలోంచే అందిస్తుంది. వంగి అందుకునేవాణ్ణి. ఇప్పుడు వంగలేను. ఆమెకు చేయి అంత పైకి లేవడం లేదు.

ఐదు. గుమ్మం ఇప్పటికి నాలుగు వేళ్ళు దిగింది. డాక్టరు నాకు క్రిస్మస్ దాకా గడువిచ్చాడు. లెక్క కుదరదు. నేను ఓడిపోయాను. గుమ్మం ముందు మంచి రాతిమెట్టు వేయించాలి. "వీలునామా మీరు పోయాకే అమలవుతుందండీ" అంటున్నాడు లాయరు స్లావిక్. అదంతా నాకు తెలియదు. రేపు పొద్దున కుడుముల వేళకల్లా వేయించండి.

1914 అక్టోబరు 14.
సంతకం: వోయ్‌తెక్ కుబెల్కా, గుమ్మానికి లోపల.
సాక్షులు: యారోస్లావ్ స్లావిక్, ప్రోకోప్ వాన్యెక్.
సిరాబుడ్డి పట్టుకున్నది: బోజెనా, వీధిలో నిలబడి.