గొర్రె మారింది, పేరు మారలేదు

కిసుము కౌంటీ, సేమెలో కాపురం ఉంటున్న, కీర్తిశేషులు ఒలాలో గారి పెద్ద భార్యను, అరవై ఆరేళ్ల పెరెస్ అకుము అనే నేను, గడ్డ నా రొమ్ములో పుట్టి కాలేయానికి పాకిందే గాని బుర్రకు ఎక్కలేదని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేసి, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా వ్రాయిస్తున్న వీలునామా. ఇదివరకటి కాగితాలు ఏవి బయటపడినా అవి చెల్లవు.

1. సేమెలో నా ఇల్లు, దాని వెనుక జొన్న చేను నా కూతురు అలూచ్‌కు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. "ఆడపిల్లకు భూమేంటి వదినా, రేపు ఎవడింటికో పోయేదానికి" అని మా మరిది ఒగల్లో ఇప్పటికే సణిగాడు. అలూచ్ ఒకసారి పోయింది, తిరిగి వచ్చేసింది. ఇప్పుడు దుంగా రేవులో చేపలు అమ్ముకుంటోంది. ఇక ఎక్కడికీ పోదు.

2. నా సవతి దొమితిలాకు గొర్రె మెడలోని గంట. మా ఆయన చనిపోయిన ఏడాది ఆమె నా పెద్ద వంటకుండ పట్టుకుపోయి, ఇప్పటికీ అది తనదేనంటుంది. అదీ ఆమే ఉంచుకోవచ్చు. న్యార్ సేమె, అంటే సేమె ఆడపిల్ల, అని పేరు పెట్టుకున్న మా గొర్రె, దొమితిలా పక్కన నిలబడి కీర్తన పాడితే తప్ప రక్తం తియ్యనిచ్చేది కాదు. సవతి మీద కోపంతోనే బతికాను గాని, ఆ పాట విన్నప్పుడల్లా నాకు ఆమె మీద ప్రేమ కలిగేది. బతికుండగా చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాయిస్తున్నాను.

3. ఆసుపత్రి ల్యాబులో నేను బతుకంతా చేసిన పని ఏమిటో తెలియకపోతే మిగతా షరతులు అర్థం కావు. కొన్ని కణాల పొరలో ఒక ప్రోటీన్ ఉంటుంది. లోపలికి వచ్చిన మందును మెడపట్టి బయటికి గెంటడం దాని పని. అది ఉన్న గడ్డకు మామూలు మందు ఎక్కించడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. అది ఉందో లేదో ఊరికే చూస్తే కనబడదు. అందుకని ఆ ప్రోటీన్ ముక్కను న్యార్ సేమెకు సూది వేసి, దాని రక్తంలో పుట్టిన యాంటీబాడీని తీశాం. గడ్డను పలచగా కోసి గాజుపలక మీద పరిచి ఈ యాంటీబాడీని వేస్తే, వెతుక్కుంటూ పోయి ఆ ప్రోటీన్‌కే అంటుకుంటుంది. పైన రంగు వేస్తే కణం అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి.

న్యార్ సేమె ముసలిదై చచ్చింది. అప్పటికి నేను పని మానేశాను. నా శిష్యుడు, ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న డాక్టర్ ఒకెయో, ఇంకో గొర్రెను తెచ్చి, అదే సూది వేసి, దాన్నీ న్యార్ సేమె అనే పిలిచి, సీసాల మీద పాత పేరే అంటించాడు. మా దగ్గర ఏడుపు మానని పసిబిడ్డకు పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచి చూస్తాం. ఏ పేరుకు ఊరుకుంటే ఆ పేరే పెడతాం. అంతమాత్రాన ఆ బిడ్డకు తాతలాగా వల అల్లడం రాదు.

4. నా గడ్డకు కొత్త సీసాతో పరీక్ష చేశారు. పలక మీద గోధుమరంగు ఎక్కడా లేదు. ప్రోటీన్ లేదన్నారు, మామూలు మందు ఎక్కించారు. జుట్టు ఊడింది, గోళ్లు నల్లబడ్డాయి, గడ్డ మాత్రం పెరిగింది. అనుమానం వచ్చి పాత సీసాతో చేయించాను. ప్రతి కణం చుట్టూ గోధుమరంగు కంచె.

ఒకెయోను పిలిపించి చూపించాను. "పాతదానికి మురికెక్కువ మేడమ్, అనవసరమైన చోటల్లా అంటుకుంటది. కొత్తది చూడండి, ఎంత శుభ్రంగా ఉందో" అన్నాడు. గుడ్డివాడికి ఏ గోడైనా శుభ్రంగానే ఉంటుంది. నా పక్క మంచంలో ఒక పడుచుపిల్ల ఉండేది, చంకలో పాలు మరవని బిడ్డ. ఆమె పలక కూడా చాలా శుభ్రంగా ఉందన్నారు. మొన్న ఆ మంచం మీద దుప్పటి మార్చారు. వానలు మొదలయ్యేసరికి ఆ కొత్త సీసాలు ఇంకా చాలా ఆసుపత్రులకు వెళ్తాయి. నాకు భయంగా ఉంది, నా కోసం కాదు.

5. పాత యాంటీబాడీ మిగిలింది కొంచెమే. ల్యాబు ఫ్రీజరు అడుగు అరలో ఉంది. తాళంచెవి అలూచ్‌కు ఇస్తున్నాను. దాన్ని ఊరికే తీసి కరిగించకూడదు, కరిగినప్పుడల్లా దాని చూపు తగ్గుతుంది. కొత్తదానిలో దీని చుక్క కలిపి రెండూ ఒకటేనని చూపించాలని ఎవరైనా అడిగితే, కుళ్లిన చేపను అంటగట్టబోయినవాడికి అలూచ్ రేవులో ఏ సమాధానం చెబుతుందో అదే చెప్పాలి.

6. నా రొమ్ము నుంచి కోసిన గడ్డ ముక్క మైనపు దిమ్మలో భద్రంగా ఉంది. "ఒంట్లో ముక్క బయట ఉంచి మనిషిని పూడుస్తారా, అరిష్టం" అంటాడు ఒగల్లో. మిగతా నేనంతా మీదే, మా ఆయన పక్కన, నా ఇంటి వైపే పూడ్చండి. ఆ దిమ్మ మాత్రం గోతిలోకి రాకూడదు. ఇకమీదట ఏ గొర్రె నుంచి ఏ యాంటీబాడీ తీసినా ముందు దాని మీదే వేసి చూడాలి. నా గడ్డే గీటురాయి. నన్ను చంపినదాన్ని చూడలేనిది ఇంకెవరి గడ్డలోనూ దేన్నీ చూడలేదు.

7. డాక్టర్ ఒకెయోకు ఏమీ ఇవ్వడం లేదు. ఆస్తి పొందేవాడు సాక్షి సంతకం చేయకూడదని చట్టం.

8. ఈ వీలునామా అమలు బాధ్యత మా మరిది ఒగల్లోది. శవం ఒక్కరోజు ఎక్కువ ఉన్నా ఊరుకోని మొండిమనిషి, ఇన్నాళ్లకు ఆ మొండితనం నాకు పనికొచ్చింది. నేను పోయాక నన్ను శవాల గదిలోనే ఉంచాలి. అలూచ్ పాత సీసా, కొత్త సీసా పేర్లు పీకేసి ఒకెయో చేతికివ్వాలి. ఏది ఏదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ఒకెయో తన చేత్తోనే నా గడ్డ మీద రెండూ వేసి, ఆ పలకలు ఒగల్లోకు చూపించాలి. రెండింటిలోనూ గోధుమరంగు వస్తే తప్పు నాది, నన్ను తెచ్చి పూడ్చండి. ఒక్కదానిలోనే వస్తే, కొత్త సీసాలన్నీ బంధువుల ముందు పారబోసి, ఆ తర్వాత పూడ్చండి.

ఒకెయో ఒప్పుకోకపోతే నన్ను పూడ్చవద్దు. కర్మకు కోసే ఎద్దును కట్టేసి, పందిళ్లు వేసి, వంశమంతా కూర్చుని ఉండనివ్వండి. చచ్చినవాళ్ల ఆఖరి మాట దాటినవాణ్ణి చిర అనే శాపం పట్టి ఎలా కృశింపజేస్తుందో అతను చిన్నప్పుడు వినే ఉంటాడు. ఎంత చదివినా సేమె బిడ్డే. మట్టి దొరకని మనిషి ముందుగా ఎవరి తలుపు తడుతుందో అతనికి నేను చెప్పనక్కరలేదు. నాకు తొందర లేదు. చల్లటి గదిలో పడి ఉండడం ఆ సీసాల దగ్గర బాగానే నేర్చుకున్నాను.

2019 మార్చి 11, కిసుము.

(సంతకం) పెరెస్ అకుము

సాక్షులు:
1. సిప్రోసా ఒదెరో, వార్డు నర్సు
2. డాక్టర్ ఒకెయో

దస్తూరి: ఎలియకిమ్ న్యాంగ్వెసో, పాస్టరు. వ్రాయించినావిడ కోరిక మీద రెండవ సాక్షి దీన్ని మొదటి నుంచి చివరి వరకు బిగ్గరగా చదివి వినిపించారు. ఎనిమిదవ షరతు దగ్గర ఆగి, మంచినీళ్లు అడిగి తాగి, మిగతాది చదివి సంతకం చేశారు.