వేట మానని కుర్రాళ్లు

పజుండౌంగ్

మావయ్యా,

ఇక్కడ దారిలో మిలిటరీవోళ్లు ఆపి ఫోన్లు చూస్తున్నారు, అందుకే ఈ ఉత్తరం మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. కొత్తోళ్లకి వేట నేర్పే క్యాంపుకి మీ బ్యాంకాక్ సంస్థ ఇచ్చే గ్రాంటు ఇంక వద్దు. నాన్న కుర్రాళ్లకి గురిపెట్టడం నేర్పుతున్న ఫొటో మీ పేజీలోంచి వెంటనే తీయించు. అది చూసే వార్డు ఆఫీసోళ్లు ఇంటికొచ్చారు.

"అడవిపందుల్ని కొట్టడమే నేర్పాను బాబూ," అన్నాడు నాన్న.

"అయితే ఆ కుర్రాళ్లేరి? తుపాకీ ఏది?" అన్నారు.

రేపటిదాకా గడువిచ్చారు. బలవంతంగా మిలిటరీలోకి రమ్మని సర్కారోళ్లు పేర్లు పిలవగానే కుర్రాళ్లంతా అడవిలోకి పోయారు. తుపాకీ మా తమ్ముడు చిన్నబాబే పట్టుకుపోయాడు.

నేర్చుకున్నోళ్లు వేట సాగిస్తున్నారా అని మీ సంస్థోళ్లు అడిగారన్నావు. ఒక్కడూ మానలేదని చెప్పు. ఏటి వేటాడుతున్నారని అడిగితే మాత్రం తెలీదను.

నీ మేనకోడలు